యూటా కెన్యన్లలో టెంటు వేయాలనుకుంటే

అమెరికాలోని యూటా రాష్ట్రంలో కెన్యన్లు, అంటే నిటారు రాతి గోడల లోయలు, ఉన్న నేషనల్ పార్కులకి టెంటుతో ఎలా వెళ్లాలి, మేలోనా ఆగస్టులోనా అని అడిగారు కదా. ముందు మీ ప్లాన్‌లోంచి మోయబ్ తీసేయండి, ఆర్చెస్, కెన్యన్‌ల్యాండ్స్ పార్కులకి దగ్గరున్న ఊరు అది. లాస్ వేగాస్‌లో దిగి, అయిదు రోజుల్లో జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, కెన్యన్‌ల్యాండ్స్ పార్కులన్నీ చూసి మళ్లీ వేగాస్‌లోనే విమానం ఎక్కుతామన్నారు. మోయబ్ నుంచి వేగాస్‌కి తిరుగు ప్రయాణమే 450 మైళ్ల పైన, ఏడు గంటల డ్రైవింగ్. పైగా టెంటుతో వెళ్తే పొద్దున్న గంట విప్పడానికి, సాయంత్రం గంట వేయడానికి పోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చిన్న పాప కూడా ఉన్నారు కాబట్టి జయాన్‌లో రెండు రాత్రులు, బ్రైస్‌లో ఒకటి, క్యాపిటల్ రీఫ్‌లో ఒకటి చాలు. ఆర్చెస్, కెన్యన్‌ల్యాండ్స్ రెండూ ఇంకో ట్రిప్పుకి ఉంచుకోండి, ఎక్కడికీ పోవు.

మే నెలా, ఆగస్టా అంటే మే. అది కూడా ఆ నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవు వీకెండ్‌కి ముందే. ఆగస్టులో జయాన్ లోయలో ఎండ వంద ఫారెన్‌హీట్ దాటుతుంది. దానికి మించిన భయం వరద. జూలై మధ్య నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. భద్రాచలంలో చుక్క పడకపోయినా పైన కురిసిన వానకి గోదావరి పెరగడం మనకి తెలిసిందే. ఇక్కడా అంతే. కాకపోతే గోదావరి రోజుల ముందు హెచ్చరిస్తుంది, ఈ ఇరుకు కెన్యన్లు నిమిషాలు కూడా ఇవ్వవు. 1997 ఆగస్టులో పక్క రాష్ట్రం అరిజోనాలోని లోయర్ యాంటిలోప్ కెన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయారు, వాన పడింది మైళ్ల అవతల. 2015 సెప్టెంబర్‌లో జయాన్‌లోని కీహోల్ కెన్యన్‌లో ఏడుగురు చనిపోయారు. మేలో ఈ గొడవ తక్కువే. అయినా జయాన్‌లో నది నీళ్లలోనే నడుచుకుంటూ వెళ్లే ఇరుకు లోయ నారోస్‌లోకి దిగే ముందు ఆ రోజు వరద అంచనా ఏంటో విజిటర్ సెంటర్‌లో అడగండి. అమ్మానాన్నలని మాత్రం నారోస్‌కి వెళ్లే దారిలోని రివర్‌సైడ్ వాక్ దాకా తీసుకెళ్లండి. సిమెంటు దారి, పక్కనే నది, వాళ్లకి అది చాలు. అక్కడికి షటిల్ బస్సులోనే వెళ్లాలి. సీజన్‌లో ఆ రోడ్డు మీదకి సొంత కార్లని రానివ్వరు.

ఎడారి అనగానే అందరూ ఎండకే సిద్ధమవుతారు. బ్రైస్ క్యాంప్‌గ్రౌండ్లు దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నాయి. మేలో కూడా తెల్లవారుజామున టెంటులో నోట్లోంచి ఆవిరి వస్తుంది. స్లీపింగ్ బ్యాగు మీద 20 డిగ్రీల ఫారెన్‌హీట్ రేటింగ్ ఉన్నది చూసుకోండి, కింద మంచి ప్యాడ్ వేసుకోండి. చలి ఎక్కువగా నేల నుంచే వస్తుంది. పెద్దవాళ్లకి ఆ ఒక్క రాత్రి పార్కు బయట మోటెల్ రూమ్ తీసుకోండి, బేరం ఆడకుండా. అర్ధరాత్రి హెడ్‌ల్యాంప్ పెట్టుకుని బాత్రూమ్ దాకా నడవడం మనకి సరదా, మోకాళ్ల నొప్పులున్న అమ్మకి కాదు.

వంట సంగతి ఎవరూ అడగరు, అక్కడికి వెళ్లాక అందరూ తలపట్టుకుంటారు. అంత ఎత్తులో నీళ్లు 92 సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు పెడితే గంట ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, లేదా పెసరపప్పుతో సరిపెట్టుకోండి. ఇంకొకటి, ఏషియన్ స్టోర్లో దొరికే సింగిల్ బర్నర్ స్టవ్ చాలామంది పట్టుకెళ్తారు. దాంట్లో ఉండేది బ్యూటేన్. గడ్డకట్టే చలికి అది ఆవిరి అవ్వదు, పొద్దున్నే కాఫీకి స్టవ్ మొరాయిస్తుంది. ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్‌తో నడిచే స్టవ్ కొనుక్కోండి. పులిహోర కలుపుకునే పేస్టు, కారప్పొడి, ఆవకాయ ఉంటే ఒక పూట వంట తప్పుతుంది. తిన్నాక అన్నీ కారులో పెట్టి లాక్ చేయాలి, కాకులూ ఉడతలూ ప్లాస్టిక్ డబ్బా మూతని లెక్కచేయవు. గిన్నెలు తాగునీటి పంపు కింద తోమకండి. అంత కోపం తెప్పించే పని క్యాంప్‌లో ఇంకోటి లేదు, రాత్రి పదయ్యాక అంత్యాక్షరి తప్ప. మంచినీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్కన కారులో ఎప్పుడూ ఉండాలి.

బ్రైస్ నుంచి క్యాపిటల్ రీఫ్‌కి హైవే 12 మీద పగలే వెళ్లండి. బౌల్డర్ ఊరి దగ్గర రోడ్డుకి రెండువైపులా లోయే, రైలింగ్ ఉండదు. యాంటిలోప్ కెన్యన్ కోసం అరిజోనాలోని పేజ్ ఊరి వైపు వెళ్లే ఆలోచన ఉంటే, ఫోన్ మ్యాప్ కాటన్‌వుడ్ కెన్యన్ రోడ్డుని దగ్గరిదారి అని చూపించినా పోవద్దు. అది మట్టి రోడ్డు, తడిస్తే బంకమన్ను. చాలా కారు రెంటల్ ఒప్పందాల్లో మట్టి రోడ్డు మీద జరిగిన నష్టానికి బాధ్యత మీదే. అన్నట్టు పేజ్ ఉన్న అరిజోనాలో వేసవికి గడియారం గంట ముందుకి మార్చరు, వేసవిలో యూటా కంటే గంట వెనక. యాంటిలోప్ టూర్లు పేజ్ టైమ్ ప్రకారమే నడుస్తాయి.

ఫీజుల విషయంలో 2026 నుంచి లెక్క మారింది. అమెరికాలో ఉండనివాళ్లకి జయాన్, బ్రైస్ లాంటి 11 పార్కుల్లో అదనంగా మనిషికి 100 డాలర్లు తీసుకుంటున్నారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఎంత అవుతుందో బయల్దేరే ముందే పార్కు వెబ్‌సైట్లో చూసుకోండి. మీరు ఇక్కడే ఉంటున్నట్టు చూపించడానికి మీ డ్రైవింగ్ లైసెన్స్ చేతిలో ఉంచుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది టెంటు వేసుకునే చోటు బుకింగ్. జయాన్‌లో వాచ్‌మన్, క్యాపిటల్ రీఫ్‌లో ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్లకి ఆరు నెలల ముందు, యూటా టైమ్ ప్రకారం పొద్దున ఎనిమిదికి రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్లో బుకింగులు తెరుచుకుంటాయి. మంచి తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. ఫ్రూటా దొరికితే వదలకండి. చుట్టూ మార్మన్లనే క్రైస్తవ శాఖకి చెందిన పాతకాలం రైతుల పళ్లతోటలు, పైన ఎర్ర రాతి గోడలు. మేలో పళ్లు ఉండవు గానీ అక్కడి గిఫోర్డ్ హౌస్ అనే పాత ఇంట్లో పళ్ల పై (pie) దొరుకుతుంది. ఫ్రూటాలో చోటు దొరక్కపోతే పక్క ఊరు టోరీలో రూమ్ తీసుకోండి, పావుగంట దూరం. ఈ బుకింగులు చేతికొచ్చాకే విమానం టికెట్లు కొనండి.