ఇన్‌పుట్ కెపాసిటర్‌ను మార్చే ముందు దాని పక్కనున్న రెసిస్టర్‌ను చూడండి

ఇంట్లో తయారు చేసుకున్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో ఆప్-ఆంప్‌ను (సిగ్నల్‌ను పెంచే చిప్‌ను), దానితోపాటు ఇన్‌పుట్ రెసిస్టర్‌ను మార్చాక బేస్ పలచబడిందని, ఇన్‌పుట్‌లోని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ స్థానంలో అదే విలువ గల ఖరీదైన పాలీప్రొపిలీన్ కెపాసిటర్ వేస్తే బాగవుతుందా అని మీరు అడిగారు. బాగవదు. విలువ మారనంత వరకు పది రూపాయల కెపాసిటర్ వేసినా, వెయ్యి రూపాయలది వేసినా పోయిన బేస్ తిరిగి రాదు.

హనుమకొండలో ఉండే మా అక్క కొడుకు విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. అతను 9 వోల్టుల బ్యాటరీతో నడిచే సీమోయ్ అనే రకం హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను చిన్న రేకు డబ్బాలో ఎంతో శుభ్రంగా తయారు చేసుకున్నాడు. అందులో ఇన్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఆప్-ఆంప్‌గా ఓపీఏ2134 ఉండేవి. ఎవరో ఎన్‌ఈ5532 ఇంకా బాగుంటుందని చెప్పగా దాన్ని పెట్టాడు. హెడ్‌ఫోన్ జాక్ దగ్గర మీటరు పెడితే ఏ పాటా లేకుండానే దాదాపు 200 మిల్లీవోల్టుల డీసీ, అంటే సంగీతం కాని స్థిరమైన వోల్టేజి, కనిపించింది. ఓపీఏ2134 ఇన్‌పుట్ తీసుకునే బయాస్ కరెంటు (చిప్ పనిచేయడానికి నిరంతరం కావలసిన కొద్దిపాటి కరెంటు) పికోఆంపియర్లలో ఉంటే, ఎన్‌ఈ5532 సాధారణంగా 200 నానోఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కరెంటు 100 కిలో ఓమ్‌ల గుండా పారితే 20 మిల్లీవోల్టులు ఏర్పడతాయి, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో అది) 11 కనుక అవుట్‌పుట్‌కు చేరేసరికి అవి 220 అవుతాయి. ముప్పై రెండు ఓమ్‌ల హెడ్‌ఫోన్ కాయిల్‌లో అంటే అది నిరంతరం పారే 7 మిల్లీఆంపియర్లు.

హెడ్‌ఫోన్‌కు మంచిది కాని ఆ డీసీని తగ్గించడానికి రెసిస్టర్‌ను 10 కిలో ఓమ్‌లకు మార్చమని ఇంకొకరు సలహా ఇచ్చారు. సలహా సగం వరకు సరైనదే, డీసీ పదో వంతుకు పడిపోయింది. కానీ కెపాసిటర్ సంగతి ఆ సలహాదారు చెప్పలేదు. ఏ హెర్ట్జ్ కంటే కింది స్వరాలు బలహీనపడతాయో ఆ హద్దును, అంటే కట్-ఆఫ్‌ను, కెపాసిటర్, రెసిస్టర్ కలిసి నిర్ణయిస్తాయి. అంతకు ముందు 16 హెర్ట్జ్ దగ్గర ఉన్న కట్-ఆఫ్ ఒక్కసారిగా 159 హెర్ట్జ్‌కు ఎగబాకింది, దానితో 80 హెర్ట్జ్ స్వరంలో సగం వోల్టేజి కూడా ఆప్-ఆంప్‌కు చేరడం లేదు. అతను ఐనవోలు మల్లన్న జాతరలో మోగే ఒగ్గు డోలు రికార్డింగు నాకు వినిపించి, “మామా, ఇది డోలు సప్పుడేనా, అట్టడబ్బ మీద పుల్లతోని కొట్టినట్టున్నది” అన్నాడు. నిజంగానే పుల్ల తగిలే శబ్దం వినబడుతోంది, డోలు కడుపులోంచి వచ్చే మోత లేదు. అప్పటికే మీరు ఆలోచిస్తున్నట్టుగానే ఆన్‌లైన్‌లో ఖరీదైన 0.1 కెపాసిటర్లు తెప్పించి వేసి ఉన్నాడు, వాటితో వీసమెత్తు తేడా రాలేదు.

నా దగ్గరున్న 1 మైక్రోఫారడ్ పాలియెస్టర్ పెట్టె కెపాసిటర్లు రెండు ఇచ్చి, రెండు చానళ్లకూ నా ముందే టంకం వేయించాను. రెసిస్టర్ పదో వంతు అయితే కెపాసిటర్ పది రెట్లు కావాలి, అప్పుడే కట్-ఆఫ్ మళ్లీ 16 హెర్ట్జ్‌కు వస్తుంది. అదే రికార్డింగు మళ్లీ పెట్టగానే డోలు మోత కడుపుకు తగిలింది. పాలియెస్టర్‌కూ పాలీప్రొపిలీన్‌కూ ఈ చోట చెవికి తెలిసే తేడా లేదని నేను గట్టిగా నమ్ముతాను, పైగా 1 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్ ఆ రేకు డబ్బాలో పట్టడం కూడా కష్టం. ఎక్స్7ఆర్ రకం సిరామిక్‌ను మాత్రం సిగ్నల్ దారిలో వేయకండి, వోల్టేజిని బట్టి దాని విలువ మారుతుంది, డబ్బా మీద వేలితో తడితే ఆ తాకిడి చెవిలో వినబడవచ్చు.

ఇలాంటి మామూలు విడిభాగం వరంగల్‌లో దొరకడమే కష్టమైపోవడం నన్ను బాధిస్తుంది. ఒకప్పుడు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన దుకాణాల్లో ఇప్పుడు మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి. రెండు కెపాసిటర్ల కోసం కాజీపేటలో రైలెక్కి కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్లాల్సి వస్తోంది. ఆన్‌లైన్‌లో కొందామంటే పైన పేరు చెక్కి లోపల వేరే ముక్క పెట్టిన నకిలీ ఆప్-ఆంప్‌లు అంటగడుతున్నారు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది పెద్ద అన్యాయం.

ఇన్‌పుట్‌లో డబ్బు పెట్టదగిన మార్పు ఇంకొకటుంది, అది చాలా చవకైనది కూడా. పక్కన ఫోన్ పెట్టినప్పుడు బుర్రుమనే చప్పుడు వస్తుంటే, ఆప్-ఆంప్ ఇన్‌పుట్ కాలికి వరుసలో 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆ కాలి నుంచి గ్రౌండ్‌కు 100 పికోఫారడ్ ఎన్‌పీ0 రకం (వోల్టేజిని బట్టి విలువ మారని) సిరామిక్ కెపాసిటర్ వేయండి. ఇవి 1.6 మెగాహెర్ట్జ్ పైనున్న వాటిని అణచివేస్తాయి, సంగీతాన్ని తాకవు. రెండింటినీ ఆప్-ఆంప్‌కు ఆనుకునే అమర్చాలి.

టంకం పని అయ్యాక హెడ్‌ఫోన్ పెట్టకుండానే రెండు చానళ్లలోనూ డీసీ కొలవండి. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో కూడా 50 మిల్లీవోల్టులు దాటితే ఎన్‌ఈ5532ను తీసేసి ఓపీఏ2134ను తిరిగి పెట్టుకోండి. దానికి మీ పాత 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, పాత 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ చక్కగా సరిపోతాయి.