జర్మనీలో ఒక్కరే ఉంటే నెలకు ఎంతవుతుంది?

మద్దిలపాలెంలో అమ్మానాన్నలతో ఉంటున్నానని, మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్లి ఒక్కరే ఉండాలంటే నెలకు ఎంత పెట్టుకోవాలో తేలడం లేదని అడిగారు. నేను విశాఖ నుంచే వెళ్లి అక్కడ చదువుకుని వచ్చాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బు వేసి నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, అంటే నెలకు 992. చాలామంది అదే నెల ఖర్చు అనుకుంటారు. అది వీసాకు అడిగే కనీస మొత్తం మాత్రమే. లైప్‌జిగ్‌లో సరిపోయే ఆ డబ్బు మ్యూనిక్‌లో చాలా ఇబ్బంది పెడుతుంది.

ఒక్కరే ఉన్నప్పుడు బరువంతా పంచుకోవడానికి వీల్లేని ఖర్చులదే. రేడియో, టీవీ రుసుమే చూడండి: టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. నలుగురుంటే మనిషికి 4.59 పడుతుంది, ఒక్కరే ఉంటే మొత్తం మీదే. ఇంటర్నెట్ కూడా అంతే. అద్దె ప్రకటనలో ‘కాల్ట్‌మీటె’ అని ఉంటే అది ఉత్త అద్దె. ‘వార్మ్‌మీటె’ అంటే హీటింగ్, నీళ్లు, చెత్త కలిపి. కరెంటు చాలాసార్లు అందులోనూ ఉండదు. పైగా ఏడాది అయ్యాక లెక్క చూసి, హీటర్ ఎక్కువ వాడితే మిగతాది కట్టమంటారు. చలికాలానికి కొంత పక్కన పెట్టుకోండి.

ఇక మొదటి నెల సంగతి. నేను తీసుకున్న ఇంట్లో అడుగుపెట్టేసరికి వంటగది గోడకు నీళ్ల పైపులు, సీలింగ్ నుంచి వేలాడే రెండు వైర్లు తప్ప ఏమీ లేవు. స్టవ్, సింకు, చివరికి లైటు కూడా మనమే పెట్టుకోవాలి. అక్కడ అది మామూలే, అందుకే ఫర్నిచర్ ఉన్న గదేనా అని ముందే అడగండి. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటె వరకు అడగొచ్చు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది, మొహమాటపడకండి. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు నెలనెలా మాత్రమే వస్తుంది, అదీ అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాకే. కాబట్టి అడ్వాన్సు, మొదటి అద్దె, సామాన్ల డబ్బు విడిగా ఉండాల్సిందే. ఇది చూసుకోకుండా వచ్చి, దిగిన వారంలోనే ఇంటికి ఫోన్ చేసి అప్పు అడిగిన పిల్లలను చూశాను, చాలా బాధేసింది.

హెల్త్ ఇన్సూరెన్స్‌కి విద్యార్థులకు నెలకు 140 యూరోల పైనే. తిండికి, ఇంట్లో వండుకుంటే 200తో సర్దుకోవచ్చు. టమాటాలను రైతు బజారు ధరతో పోల్చుకుంటూ ఉంటే మాత్రం ఏదీ కొనలేరు.

వెళ్లేలోపు ఒక పని చేయండి. ఒక నెలపాటు మీ ఇంట్లో అయిపోయే ప్రతిదీ రాయండి: సబ్బులు, ఫినాయిల్, జ్వరం మాత్రలు, కటింగ్, చెప్పుల కుట్టు. అమ్మానాన్నల దగ్గర ఉన్నప్పుడు ఇవి మన కంటికి కనబడవు. ఆ జాబితాలో రూపాయలు కొట్టేసి, మీరు వెళ్లే ఊళ్లోని ధరలు వేయండి. పార్ట్‌టైమ్ జీతం అందులో కలపొద్దు. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయడానికి అనుమతి ఉంది కానీ, భాష రాకుండా వెంటనే పని దొరుకుతుందని ధీమాగా ఉండలేం.

నన్నడిగితే మొదటి ఏడాది ఒక్కరే ఇల్లు తీసుకోవద్దు. అడ్మిషన్ వచ్చిన రోజే ఆ ఊరి స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చేయండి, వెయిటింగ్ లిస్టు చాలా పొడుగ్గా ఉంటుంది.