అమ్మడూ, ముందు బొమ్మ గియ్యి

అమ్మడూ,

స్టాటిస్టిక్స్ ఎంట్రన్స్ రాస్తానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత పొంగిపోయానో, ఆ వెంటనే అంత బెంగ కూడా పట్టుకుంది, ఎందుకంటే నీకు నా పోలికే, లెక్క పూర్తిగా చదవకముందే కూడేస్తావ్.

ప్రాబబిలిటీలో, అంటే ఛాన్సుల లెక్కల్లో, యూనియన్ అంటే రెండిట్లో కనీసం ఒకటి, ఇంటర్‌సెక్షన్ అంటే రెండూ, కాంప్లిమెంట్ అంటే అది జరగకపోవడం, దాని ఛాన్స్‌కి 1 లోంచి తీసేయడం. ఇవి నీకు తెలుసులే.

నా సంగతి విను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాది సరుకు చెక్ చేసే పని. 200 పీసుల్లో 60కి గీతలు, 50కి బిగింపు వదులు. ఠక్కున 110 అని రాసేశా, 55 శాతం పాడని రిపోర్ట్ వెళ్ళిపోయింది, ఆ మెషిన్ మీద పనిచేసే పెద్దాయన్ని అందరి ముందు నిలబెట్టి తిట్టారు. ఆయన ఒక్క మాట అనలేదు. సాయంత్రం నా దగ్గరకొచ్చి "బాబూ, ఓసారి పీసులు లెక్కపెడదామా" అన్నాడు. పెడితే పాడైనవి 75! రెండు లోపాలూ ఉన్నవి 35, వాటిని నేను రెండేసి సార్లు లెక్కేశా. 110లోంచి ఆ 35 ఒక్కసారి తీసేస్తే సరిపోయేది, 37.5 శాతం వచ్చేది.

పోనీ అక్కడితో బుద్ధొచ్చిందా? గీతలవి 200లో 60 అంటే 0.3, వదులువి 50 అంటే 0.25, గుణిస్తే 0.075, అంటే రెండూ ఉన్నవి 15 పీసులే రావాలి కదా, 35 ఎలా వచ్చాయని ఆయనతోనే వాదించా. "కిందపడిన పీసుకి గీతా పడుద్ది, బిగింపూ వదులవుద్ది కదయ్యా" అన్నాడు. గుణకారం ఇండిపెండెంట్, అంటే ఒకదాని ప్రభావం రెండోదాని మీద లేకపోతేనే అని నాకు చెప్పింది ఆయనే, ఆ మాట వాడకుండానే. రిపోర్ట్ దిద్ది పంపా గానీ, ఆయనకి సారీ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు, నాతో సహా.

అన్నట్టు, మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్‌నీ ఇండిపెండెంట్‌నీ ఒకటనుకున్నావో, చెవి మెలేస్తా. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదంటే, అంతకన్నా సంబంధం ఇంకేముంటుంది?

"కనీసం ఒక్కసారి" అని కనపడగానే ఎదురు నుంచి రా. పాచిక 4 సార్లు వేస్తే కనీసం ఒక 6 పడే ఛాన్స్ ఎంతంటే, 1/6ని 4 సార్లు కూడి 4/6 అనేస్తారు, ఆ లెక్కన 6 సార్లు వేస్తే గ్యారంటీగా పడాలి, పడుద్దా? అసలు పడకుండా ఉండే ఛాన్స్ 5/6ని నాలుగుసార్లు గుణించి 1 లోంచి తియ్యి, 671/1296 వస్తుంది, సగం కంటే కాస్త ఎక్కువ. 1654లో పాస్కల్, ఫెర్మా అనే లెక్కల పండితులు ఉత్తరాలు రాసుకుంది ఇలాంటి జూదం లెక్కల మీదే. మనమేం తక్కువ తిన్నాం!

మూడు ఈవెంట్లుంటే విడివిడిగా కూడు, రెండేసి కలిసినవి తియ్యి, మూడూ కలిసింది మళ్ళీ కలుపు. ఈ చివరిది నువ్వు మర్చిపోతావ్, నాకు తెలుసు. వెన్ డయాగ్రామ్, అదే ఒకదాని మీదికి ఒకటి వచ్చే వలయాల బొమ్మ, గీసి, మధ్య ముక్క నుంచి బయటికి నింపుకుంటూ రా.

రాత్రిళ్ళు మరీ మేలుకోకు తల్లీ. మూడు వలయాల లెక్క ఒకటి చేసి ఫోటో పెట్టు, కొట్టివేతలు ఉన్నా పర్లేదు.

మీ పెద్దనాన్న