ఆల్టర్నేటర్ విప్పబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బ్యాటరీ వైర్లు తారుమారుగా తగిలించావనీ, పెద్ద మెరుపు వచ్చిందనీ, అప్పటినుంచి ఇంజను నడుస్తున్నా బ్యాటరీ లైటు ఆరడం లేదనీ, ఆదివారం, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను నువ్వే విప్పుతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చెడగొట్టినదాన్ని నీ చేతులతోనే బాగుచేసుకుంటానన్నందుకు గర్వంగానే ఉంది, కానీ నా దిగులంతా ఆ చేతుల గురించే.

ముందుగా నెగటివ్ వైరు తీసి, మెయిన్ ఫ్యూజు చూడు. వైర్లు తారుమారైతే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ల (కరెంటును ఒకవైపుకే పోనిచ్చే ముక్కల) గుండా విపరీతమైన కరెంటు పారుతుంది. అదృష్టం బాగుంటే ఫ్యూజు తాను కాలిపోయి వాటిని కాపాడుతుంది. అదే కాలితే అన్నే ఆంపియర్లది వేసి చూడు, విప్పే పనే తప్పవచ్చు.

విప్పక తప్పకపోతే, నెగటివ్ వైరు మాట మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకు. ఆల్టర్నేటర్ వెనుక నట్టుకు బిగించిన లావు వైరు బ్యాటరీ పాజిటివ్ నుంచి వస్తుంది. తాళంచెవి నీ జేబులో ఉన్నా దానిలో కరెంటు ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డులో ఒక కుర్రవాడు, ఒక్క నట్టే కదా అని, నెగటివ్ తీయకుండానే దానికి స్పానర్ వేశాడు. స్పానర్ పట్టిన వేలి ఉంగరం ఇంజనుకు ఆనింది. 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవని అందరూ ధీమాగా ఉంటారు. ఆ 12 వోల్టులే కన్నుమూసి తెరిచేలోగా ఉంగరాన్ని ఎర్రగా కాల్చాయి. వేలు చుట్టూ ఎముకదాకా కాలింది, ఆసుపత్రిలో ఉంగరాన్ని కోసి తీశారు. పెళ్లిలో మీ అత్తయ్య పెట్టిన ఉంగరం నువ్వు స్నానానికి కూడా తీయవని నాకు తెలుసు. ఆ రోజు తియ్యి, స్టీలు గడియారం కూడా తియ్యి. అత్తయ్యతో నేను చెప్పనులే.

ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు ఎలా చుట్టి ఉందో విప్పకముందే ఫోటో తీసుకో. బిగించాక నెగటివ్ చివర తగిలించు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. అదే మీటరును ఏసీ వోల్టుల గుర్తుకు తిప్పితే అర వోల్టు దాటకూడదు, దాటితే డయోడ్లు పోయినట్టే అనుకో. ఛార్జింగ్ వస్తోందో లేదో తెలుసుకోవడానికి నడుస్తున్న బండికి బ్యాటరీ టెర్మినల్ పీకడం ఆల్టర్నేటర్లు రాకముందు, డైనమోల కాలపు అలవాటు. నీ బండికి అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కంప్యూటరు పెట్టె కాలిపోవచ్చు.

ఆ అంకెలు రాత్రికి నాకు పంపు. 13కు దిగువన ఉంటే సోమవారం బస్సులో ఆఫీసుకు వెళ్లు, బండిని కదపకు.

మామయ్య