ఫోటో బాగుందన్నారు, ఎక్కడ బాగాలేదో చెప్పేదెవరు?

ప్రశ్న: సరదాగా ఫోటోలు తీస్తుంటాను. ల్యాప్‌టాప్‌లో ఎడిట్ చేసినప్పుడు రంగులు నిండుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో పెట్టి ఫోన్‌లో చూస్తే వెలిసిపోయినట్టు, కాస్త మసగ్గా ఉంటున్నాయి. చూసినవాళ్లు కూడా రంగులు డల్‌గా ఉన్నాయనీ, ఫోకస్ కుదరలేదనీ అంటున్నారు. లోపం నా ఎడిటింగ్‌లోనే ఉందా?

మీ ఎడిటింగ్‌ను అప్పుడే తప్పుపట్టుకోకండి. మీరు చూస్తున్న ఫోటో వాళ్ల దాకా చేరడం లేదేమో ముందు చూడాలి. రంగులు వెలిసిపోవడానికి కారణం చాలాసార్లు కలర్ స్పేసే, అంటే ఫైల్‌లోని అంకెలు ఏయే రంగులను సూచిస్తాయో చెప్పే పద్ధతి. ఇంటర్నెట్‌కు పనికొచ్చేది ఎస్‌ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో దీన్ని ప్రతిపాదించాయి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అడోబ్ ఆర్‌జీబీ అనే మరో కలర్ స్పేస్ 1998లో వచ్చింది. ఇందులో ముఖ్యంగా ఆకుపచ్చల పరిధి ఎక్కువ, ప్రింటింగ్‌కు అది ఉపయోగం. కానీ కలర్ ప్రొఫైల్‌ను (ఫైల్ ఏ కలర్ స్పేస్‌లో ఉందో చెప్పే లేబుల్‌ను) పట్టించుకోని యాప్ ఏదైనా ఆ ఫైల్‌లోని అంకెలను ఎస్‌ఆర్‌జీబీ అంకెలే అనుకుని చదివేస్తుంది. అప్పుడు ఎరుపులు, పచ్చలు పాలిపోతాయి.

కెమెరా మెనూలో కలర్ స్పేస్ ఏముందో చూడండి. చాలా కెమెరాల్లో ఫైల్ పేరు అండర్‌స్కోర్ గుర్తుతో మొదలైతే అది అడోబ్ ఆర్‌జీబీ సెట్టింగ్‌లో తీసిందని అర్థం. రా ఫైల్ (కెమెరా సెన్సర్ నమోదు చేసిన ముడి డేటా) రంగులపై ఈ సెట్టింగ్ ప్రభావం ఉండదు, కెమెరాయే తయారుచేసి ఇచ్చే జేపెగ్ మీదే ఉంటుంది. రాలో తీసేవాళ్లు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకుని, ప్రొఫైల్‌ను ఫైల్‌లోనే ఉంచితే చాలు. ఫోటోషాప్‌లో మాత్రం ఒక జాగ్రత్త. 'కన్వర్ట్ టు ప్రొఫైల్' వాడాలి, 'అసైన్ ప్రొఫైల్' వాడకూడదు. మొదటిది రంగు మారకుండా అంకెలను మారుస్తుంది. రెండోది అంకెలను అలాగే ఉంచి పైన లేబుల్ మారుస్తుంది, దాంతో రంగులే మారిపోతాయి.

ఇక మసక సంగతి. 24 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే సుమారు 6000 పిక్సెళ్ల వెడల్పు. దాన్ని అలాగే అప్‌లోడ్ చేస్తే సైట్ తన కొలతకు కుదించి, మళ్లీ కంప్రెస్ చేస్తుంది. ఎలా కుదించాలన్నది మీ చేతిలో ఉండదు. అందుకే మీరే ముందుగా సైజు తగ్గించి, ఆ చివరి సైజులో ఒకసారి లైట్‌గా షార్పెన్ చేసి, జేపెగ్ క్వాలిటీ 85 ప్రాంతంలో పెట్టి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చూసి ఎవరైనా షార్ప్‌నెస్ మీద తీర్పు చెబితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. వాళ్లు చూసింది మీ ఫైల్‌ను కాదు. అసలు ఫైల్ చేరాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి.

రాత్రిపూట ఎడిట్ చేసే అలవాటుంటే స్క్రీన్‌లోని నైట్ లైట్ సెట్టింగ్ ఆపేయండి. స్క్రీన్ పసుపుగా ఉంటే మీకు తెలియకుండానే ఫోటోను నీలం వైపు తోసేస్తారు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేస్తే ఫోటో చీకటిగా తయారవుతుంది. కంటిని నమ్మేముందు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) ఒకసారి చూడండి.

ప్రశ్న: ఏ ఫోటో పెట్టినా 'సూపర్' అంటారు, లేదంటే ఏమీ అనరు. నేర్చుకోవడానికి పనికొచ్చే అభిప్రాయం రావాలంటే ఏం చెయ్యాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. 'ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుంది' అనే జవాబే వస్తుంది. పది ఫోటోలు ఒకేసారి పెడితే అదీ రాదు. ఒక్క ఫోటో పెట్టండి. మీరు ఏం చూపించాలనుకున్నారో ఒక వాక్యం రాయండి. తర్వాత ఒకే ప్రశ్న అడగండి: 'మీ చూపు ముందు ఎక్కడికి వెళ్లింది?' మీరు పాప ముఖం చూపించాలనుకుంటే, అందరూ వెనకున్న ఎర్ర బకెట్ అంటున్నారంటే ఫోటోలో సమస్య ఏమిటో దొరికినట్టే. ఈ ప్రశ్నకు జవాబివ్వడానికి ఫోటోగ్రఫీ తెలిసి ఉండాల్సిన పనిలేదు. మొహమాటపడాల్సిన పనీ లేదు.

తెలిసినవాళ్లను అడిగేటప్పుడు షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో), అపెర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో), ఐఎస్‌ఓ (వెలుతురును ఎంత పెంచి చూపించిందో), లెన్స్ ఫోకల్ లెంగ్త్ (ఎంత దగ్గరగా చూపే లెన్సో) కూడా ఇవ్వండి. వీలైతే ఎడిట్ చెయ్యని ఫోటో పక్కనే పెట్టండి. ఈ వివరాలు లేకుండా 'ఫోటో షార్ప్‌గా లేదు' అన్న మాటతో ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఎందుకంటే మసకలో కనీసం మూడు రకాలున్నాయి. ఫోటో మొత్తం ఒకే దిశలో సాగినట్టుంటే చెయ్యి కదిలింది. కదలని వస్తువులు స్పష్టంగా ఉండి, పరుగెత్తే పాప మాత్రం చెదిరితే షట్టర్ స్పీడ్ చాలలేదు. పాపకు ముందో వెనకో ఉన్నది స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. మూడింటికీ మందు వేరు. సెకనుకు 60వ వంతు దగ్గర తీశానని మీరు చెప్పేస్తే, 500వ వంతుకు వెళ్లి ఐఎస్‌ఓ పెంచుకోమని సలహా వెంటనే వస్తుంది.

వచ్చిన మాటలను ఎలా తీసుకోవాలన్నదీ ముఖ్యమే. ఒకరు కుడివైపు క్రాప్ చెయ్యమంటారు, ఇంకొకరు అక్కడ వెలుతురు తగ్గించమంటారు, మరొకరు రెండడుగులు పక్కకు జరిగి తియ్యాల్సిందంటారు. పరిష్కారాలు వేరైనా ముగ్గురి వేలూ ఒకే మూల మీద ఉంది. ఆ మూలను నమ్మండి, పరిష్కారం మీరే వెతుక్కోండి. రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫోటోను అడ్డంగా, నిలువుగా మూడు భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచాలనే సూత్రం) పాటించలేదనే వ్యాఖ్య ఒక్కటే వస్తే నేనైతే పెద్దగా లెక్కలోకి తీసుకోను. చెప్పడానికి అన్నిటికంటే సులువైన మాట అది.

మీరు కూడా ఇతరుల ఫోటోల మీద ఇలాగే రాయండి. మీ కన్ను ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఏది అడ్డొచ్చింది, ఇంతే. శ్రద్ధగా రాసేవాళ్ల ఫోటోలను జనం కూడా శ్రద్ధగానే చూస్తారు.

ప్రశ్న: సెట్టింగ్స్ కనిపించేలా ఫోటో పంపితే మా ఇంటి లొకేషన్ కూడా వెళ్తుందని విన్నాను. నిజమేనా?

నిజమే. షట్టర్ స్పీడ్ లాంటివన్నీ ఫైల్‌లో ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఉంటాయి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే జీపీఎస్ అంకెలూ అందులోనే చేరతాయి. డాక్యుమెంట్‌గా పంపినప్పుడు అవి అలాగే వెళ్లిపోతాయి. మొత్తం ఎగ్జిఫ్ తీసేస్తే సలహా ఇచ్చేవాళ్లకు ఆధారం ఉండదు కాబట్టి లొకేషన్ ఒక్కటే తియ్యండి. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన కనిపించే ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపవచ్చు. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లోనూ లొకేషన్ తీసే టిక్ ఉంది. పక్షి గూళ్ల ఫోటోలు తీసేవాళ్లు ఇది తప్పకుండా చెయ్యాలి. గూడు ఎక్కడుందో అందరికీ తెలిస్తే ఆ పక్షి పిల్లలకే ప్రమాదం.

ప్రశ్న: ఎవరూ దొంగిలించకుండా ఫోటో మధ్యలో పెద్ద వాటర్‌మార్క్ (పేరు ముద్ర) వెయ్యాలా?

అభిప్రాయం కోసం పెట్టేదైతే వద్దు, చూపంతా దానిమీదికే పోతుంది. పొడవైన వైపు 2048 పిక్సెళ్లు ఉండేలా తగ్గించి పెట్టండి, ఒరిజినల్ లేదా రా ఫైల్ మీ దగ్గరే ఉంచుకోండి. ఫోటో మీదేనని చూపించాల్సి వస్తే అదే మంచి ఆధారం. ఎవరైనా వాడుకున్నారేమోనని అనుమానం వస్తే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐ సైట్‌లోనో ఫోటో పెట్టి వెతకవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో ఎవరైనా ఫోటో వాడుకోవచ్చనే అనుమతి) ఇచ్చేముందు మాత్రం ఆలోచించండి. ఒకసారి ఇచ్చాక, ఆ షరతులతో ఫోటో తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి దాన్ని వెనక్కి తీసుకోలేరు.