మణికట్టు మీద పచ్చబొట్టు, ఎదురుగా ఇంటర్వ్యూ

ప్రశ్న: నా కుడి మణికట్టు మీద నల్ల పచ్చబొట్టు ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసినా చెయ్యి చాపితే కనిపిస్తోంది. వచ్చే వారం ఒక ప్రైవేటు బ్యాంకులో ఇంటర్వ్యూ. లేజర్‌తో తీయించేయనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వారంలో అది పోయేది కాదండీ. సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య 6 నుంచి 8 వారాలు ఆగాలి, అలాంటివి చాలానే పడతాయి. తర్వాతైనా తీయించాలనుకుంటే పార్లర్‌కి వెళ్లకండి, చర్మవైద్యుల దగ్గరికే వెళ్లండి. మన చామనఛాయకి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎన్‌డీ-యాగ్ రకం లేజర్ మేలు. తక్కువ తరంగదైర్ఘ్యమైతే సిరాతోపాటు చర్మపు రంగునీ దెబ్బతీసి తెల్లమచ్చలు మిగల్చవచ్చు.

ఇప్పటికి కప్పేయండి. చాలామంది నేరుగా కన్సీలర్ (మచ్చలు కప్పే మేకప్ క్రీము) రాస్తారు, కింద సిరా బూడిదరంగులో తేలుతుంది. ముందు నారింజరంగు కరెక్టర్ (కింది నలుపును అణిచే రంగు క్రీము) పల్చగా అద్దండి, ఆరనివ్వండి. దానిపైన మీ ఒంటిరంగు కన్సీలర్ వేలికొసతో తడుతూ వేయండి. రుద్దారా, కింది పొర లేచిపోతుంది. పౌడరు ఒత్తి, 5 నిమిషాలాగి దులపండి. చొక్కా చేతుల పొడవు బొటనవేలి మొదలు దాకా ఉండాలి. తెల్ల చొక్కా వద్దు, కఫ్‌కి మరక అంటుతుంది. ముందురోజే ఇదంతా ఒకసారి చేసి, పగటి వెలుతురులో చెయ్యి చాపి చూసుకోండి.

అడిగితే మాత్రం ఉందనే చెప్పండి. ఆఫర్ వచ్చాక డ్రెస్ కోడ్ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.