బైబిలుతో పాటు ఏమి చదవాలి?

ప్రశ్న: రోజూ బైబిలు చదువుతాను. పిల్లలు బడికి వెళ్లాక అరగంట తీరిక దొరుకుతుంది. ధ్యానానికి పనికొచ్చే పుస్తకాలు చెప్పండమ్మా.
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: ముందుగా ‘యాత్రికుని ప్రయాణము’ చదవండమ్మా. విశ్వాసం కోసం బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఏళ్లు గడిపిన జాన్ బన్యన్ రచన, 1678లో అచ్చయింది. వీపున మూటతో బయలుదేరిన యాత్రికుడు మొదట్లోనే నిరాశ అనే ఊబిలో దిగబడతాడు. దమ్ము చేసిన చేలో మోకాలి లోతున నాట్లు వేసే మన నరసాపురం వైపు వాళ్లకు ఆ ఘట్టం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మావారు కన్నుమూసిన ఏడాది నేను ఆ పేజీ దాటలేక నెల రోజులు ఆగిపోయాను. ఊబిలోంచి పైకి లాగడానికి ఒకరు చెయ్యి అందించే చోట నా పెన్సిలు గీత ఇప్పటికీ ఉంది.

తరువాత బ్రదర్ లారెన్స్ పుస్తకం, ఇంగ్లీషులో ‘ది ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’. పారిస్ మఠంలో వంట చేస్తూ, గిన్నెల చప్పుడు మధ్యనే దేవుని సన్నిధిని అనుభవించిన మనిషి ఆయన. చాలా చిన్నది, పొయ్యి పక్కనే పెట్టుకోవచ్చు. అగస్టీను ‘ఒప్పుకోలు’ మహా గ్రంథమే కానీ అరగంటలకు లొంగదు, పిల్లలు పెద్దయ్యాక చూడండి.

పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను మాత్రం పాడి వదిలేయకండి. వారానికి ఒక్క చరణం నోటుపుస్తకంలో రాసుకుని, మాట మాట దగ్గరా ఆగండి.